బెల్ తీసేసిన సెక్షన్

నా సర్వీసు రిజిస్టరులో ఎక్కడా నమోదు కాని తప్పు ఒకటి ఉంది. దానికి మెమో రాలేదు, సంజాయిషీ అడగలేదు. పైగా ఆ తప్పు చేసినందుకు పెద్ద సమావేశంలో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టారు. రిటైరై రెండేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు చెప్పుకున్నా పోయేదేమీ లేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా లేవనివాళ్ళు మీలో చాలామంది ఉంటారు. నేను చెప్పేది మీ నడుముకీ మోకాళ్ళకీ పనికొచ్చే మాటే. కానీ అందులో ఇంకో మనిషి మోకాళ్ళ సంగతి కూడా ఉంది. నేను మరిచిపోయింది దాన్నే.

నేను విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో సర్టిఫికెట్ల సెక్షన్‌కు సూపరింటెండెంటుగా చేశాను. మాది బాపట్ల వైపు. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. రోజంతా నిలబడి పాఠాలు చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చునేవాడు. "నువ్వు మాత్రం కూర్చుని చేసే ఉద్యోగం చూసుకో అమ్మా" అనేవాడు. నాన్న మాట నేను అక్షరాలా పాటించాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్నాను.

ఎంత బాగా కూర్చున్నానో చెబితే నవ్వుతారు. హైదరాబాదులో, తార్నాకలో మా ఇంటి గేటు ముందు స్కూటర్ ఎక్కితే మావారు ఆఫీసు మెట్ల దగ్గర దింపేవారు. దారిలో క్యాంపస్ రోడ్డు మీద చేతులూపుకుంటూ నడిచేవాళ్ళు కనిపించేవారు. విద్యానగర్ నుంచీ అడిక్‌మెట్ నుంచీ కూడా వచ్చేవాళ్ళు. పొద్దున్నే వీళ్ళకేం పనిలేదా అనుకునేదాన్ని. మా సెక్షన్ మొదటి అంతస్తులో ఉన్నా లిఫ్టులోనే వెళ్ళేదాన్ని. వీపుకి టవల్ వేసిన కుర్చీ, చేతికందే దూరంలో మంచినీళ్ళు, టేబుల్ మూలన కాలింగ్ బెల్. ఫైలు కావాలంటే బెల్. టీ కావాలంటే బెల్. ఫ్యాన్ స్పీడు తగ్గించాలన్నా బెల్ కొట్టిన రోజులున్నాయి. స్విచ్చి నాకు నాలుగడుగుల దూరంలో ఉండేది.

బెల్ మోగితే వచ్చేది మా అటెండర్. ఏజెన్సీ తరఫున తొమ్మిదేళ్ళుగా మా సెక్షన్‌లో పనిచేస్తున్న కాంట్రాక్టు మనిషి. యాభై దాటిన ఆమె. పుట్టింది నల్లగొండ దగ్గర పల్లెలో. ఇప్పుడు బౌద్ధనగర్‌లో ఇద్దరే ఉంటారు, ఆమే, చూపు తగ్గి ఆటో నడపడం మానేసిన భర్తా. సెక్షన్ అంతా ఆమెని అక్కా అనే పిలిచేవాళ్ళం. బౌద్ధనగర్ నుంచి రోజూ నడిచే వచ్చేది. వచ్చాక సాయంత్రం దాకా నడుస్తూనే ఉండేది. రికార్డు రూముకి, డిస్పాచ్‌కి, పరిపాలనా భవనానికి, మళ్ళీ మా దగ్గరికి. ఆమె కూర్చోగా నేను చూసింది తక్కువ. అది గమనించాలని కూడా అప్పట్లో నాకు తోచలేదు.

ఫలితాలు వచ్చిన సీజన్‌లో ఒకరోజు, పది గంటలకు మొదలుపెట్టి రెండున్నర దాకా కుర్చీలోంచి కదలకుండా సంతకాలు పెట్టాను. ఎదురుగా ఒక పెద్దమనిషి కొడుకు సర్టిఫికెట్ కోసం నిలబడి ఉన్నాడు. ఆయనకి ఆ కాగితం ఇద్దామని లేచాను. కుడికాలు అక్కడ లేదు. అంటే ఉంది కానీ, నాకు తెలియడం లేదు. టేబుల్ మీద పడబోయి, స్టాంపు ప్యాడ్ మీద చెయ్యేసి, నీలం చేతితో కిందికి జారిపోయాను. అక్క పరుగున వచ్చి చంకల కింద చేతులు వేసి లేపింది.

"మేడం, మేడం, ఏమైతున్నది? జర గాలాడనియ్యుండ్రి, జరగండ్రి అందరు!"

క్యాంపస్ ఆరోగ్య కేంద్రంలో డాక్టరు వయసులో నాకంటే చాలా చిన్నది. వాచిన చీలమండలు నొక్కి చూసింది. రక్తపరీక్షలు రాసింది. ఫలితాలొచ్చాక మళ్ళీ పిలిచి, షుగర్ గడప దాకా వచ్చి ఉందని చెప్పింది.

"రోజూ ఎంత నడుస్తారు మేడం?"

"ఇంట్లో, ఆఫీసులో... పని మీద తిరుగుతూనే ఉంటాను కదమ్మా."

"ఆఫీసులో ఎక్కడెక్కడికి తిరుగుతారు, చెప్పండి."

నేను ఆలోచించాను. బాత్రూమ్ తప్ప ఇంకోటి గుర్తు రాలేదు.

ఆ పిల్ల నవ్వలేదు. "జిమ్‌కి పొమ్మని చెప్పను. మీరు పోరు కూడా. అరగంటకోసారి లేవండి. లేచి ఏదో ఒక పని మీద నాలుగడుగులు వెయ్యండి. మీ పని వేరేవాళ్ళతో చేయించుకోకండి, అంతే. మీకు మందు అదే" అంది.

ఆ మాట నాకు బాగా పట్టింది. ఎంత బాగా పట్టిందంటే, అందులో సగమే విన్నానని తెలియనంతగా.

మర్నాడే మొదలుపెట్టాను. స్కూటర్ మెయిన్ గేటు దగ్గరే ఆపమన్నాను. మావారు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, హెల్మెట్ సర్దుకుని వెళ్ళిపోయారు. గేటు నుంచి ఆఫీసు దాకా మొదటి రోజు మూడుచోట్ల ఆగాను. పదిరోజుల తర్వాత ఒకచోట. ఆ తర్వాత ఇంటి నుంచే నడక. గేటు దగ్గర బండి మీద రాగిజావ అమ్మే ఆమె నన్ను గుర్తుపట్టి, నేను అడగకముందే గ్లాసు నింపేది. లిఫ్టు మానేశాను. మంచినీళ్ళ సీసా బీరువా మీద పెట్టుకున్నాను, తాగాలంటే లేవాల్సిందే. ఫైలు కావాలంటే నేనే రికార్డు రూముకి వెళ్ళి తెచ్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా నేను సంతకాలు పెట్టిన ఫైళ్ళు ఏ అరల్లో ఉంటాయో నాకప్పుడు తెలిసింది.

నెల తిరిగేసరికి చీలమండల వాపు తగ్గింది. మెడనొప్పితో ఎప్పుడూ పట్టీ వేసుకుని ఉండే మా సీనియర్ అసిస్టెంట్ నన్ను చూసి తనూ మొదలుపెట్టాడు. అతను కాచిగూడలో పుట్టిన హైదరాబాదీ. నోరు ఊరుకోదు.

"మేడం, మీరు గిట్ల లేసి తిరుగుతుంటే మేం కూసుంటే మంచిగుంటదా? ఖామోఖా మాక్కూడ పరేషాన్" అంటూనే ప్రింటర్‌ని తన టేబుల్ పక్క నుంచి గదికి అవతలి గోడ దగ్గరికి మార్పించాడు. ప్రతి కాగితానికీ లేచి వెళ్ళేవాడు. కంప్యూటర్ల దగ్గర కూర్చునే ఆడపిల్లలిద్దరూ టీ తెప్పించుకోవడం మానేసి క్యాంటీన్ దాకా నడిచి వెళ్ళి తాగి వచ్చేవారు. ఒక శనివారం స్క్రూడ్రైవర్ తెప్పించి నా టేబుల్ మీది బెల్ ఊడదీయించాను. సెక్షన్ అంతా నవ్వుతూ ఫోటో తీసుకున్నాం. ఆ ఫోటోలో అక్క లేదు. ఎక్కడుందో కూడా నాకు గుర్తులేదు.

ఆ రోజుల్లో అక్క గంటకోసారి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేది.

"ఏమన్న ఉన్నదా మేడం?"

"ఏం లేదక్కా. రెస్ట్ తీసుకో."

"డిస్పాచ్‌కి పొయ్యేది ఉందేమో?"

"నేనే వెళ్ళొచ్చా. నువ్వు హాయిగా కూర్చో."

కూర్చోమని ఎంతో ప్రేమగానే చెప్పాను. ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు. సెక్షన్‌లో ఆమెకు కుర్చీ లేదు. వరండాలో ఒక స్టూల్ ఉండేది, దాన్ని ప్రింటర్ కిందికి మేమే లోపలికి తెచ్చుకున్నాం. ఆమె వెళ్ళి మెట్ల మీద కూర్చునేది. ఒకసారి సీనియర్ అసిస్టెంట్ టేబుల్ మీది ఫైలు అక్క తనంతట తనే తీసుకోబోతే, అతను సరదాగా, "అక్కా, నా ఎక్సర్‌సైజ్ గుంజుకుంటున్నవా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆమె ఫైలు మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడే తనిఖీ బృందం వస్తుందని హడావుడి మొదలైంది. ప్రతి సెక్షన్ తాము పాటిస్తున్న మంచి పద్ధతుల గురించి ఒక పేజీ రాసివ్వాలన్నారు. నాకు రాయడం సరదా. ఇంటికి తీసుకెళ్ళి, రెండుసార్లు దిద్ది, శ్రద్ధగా రాశాను. మా సెక్షన్‌లో కాలింగ్ బెల్ లేదని, ఎవరి ఫైలు వారే తీసుకెళ్ళడం వల్ల సిబ్బంది ఆరోగ్యం మెరుగైందని రాశాను. చివర్లో వాక్యం బాగా కుదరాలని ఇంకోటి చేర్చాను: "పనులకు అటెండరుపై ఆధారపడవలసిన అవసరం ఇప్పుడు దాదాపు లేదు."

ఆ పేజీని పరిపాలనా భవనంలో జరిగిన సమావేశంలో డిప్యూటీ రిజిస్ట్రార్ స్వయంగా చదివి వినిపించారు. అన్ని సెక్షన్లూ వీరిని చూసి నేర్చుకోవాలన్నారు. చప్పట్లు అన్నాను చూశారా, అవి ఇవే. నేను లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టాను.

మూడు వారాల తర్వాత, ఒక గురువారం పొద్దున, రాగిజావ తాగి చురుగ్గా నడుచుకుంటూ వచ్చాను. ఆఫీసు మెట్ల మీద అక్క కూర్చుని ఉంది. మెడలో గుర్తింపు కార్డు ఉంది, ఒళ్ళో సంచి ఉంది.

"ఏంటక్కా ఇక్కడున్నావ్? సెక్షన్ తెరవలేదా?"

"తెరిసిన మేడం. తాళాలు మీ టేబుల్ మీద వెట్టిన. అయిదింటికి కార్డు ఇచ్చి పొమ్మన్నడు సూపర్వైజరు. రేపటి సంది రావద్దంట."

"ఎందుకు? ఎవరన్నారు?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "మీ సెక్షన్ల అటెండర్ పని లేదని మీరే రాసిండ్రంట గద మేడం."

కోపంగా అన్నా బాగుండేది. వానొస్తుందట కదా అన్నట్టు అంది. ఆ తర్వాత, "నాతోని ఏమన్న తప్పయితే చెప్పకపోతిరి. మంచిగ చేస్తుంటి గద" అంది.

నేను గబగబా పైకి వెళ్ళాను. ఆ రోజు తపాలాలో ఆ ఉత్తర్వు ఉంది. కాంట్రాక్టు సిబ్బందిని తగ్గిస్తున్న సెక్షన్ల జాబితా. మా పేరుకి ఎదురుగా కారణం రాసి ఉంది: సెక్షన్ నివేదిక ప్రకారం అటెండర్ అవసరం లేదు. నేను రెండుసార్లు దిద్ది రాసిన వాక్యం అది. ఆ పేజీ రాస్తున్నప్పుడు అక్క ముఖం ఒక్కసారి కూడా నా కళ్ళముందుకి రాలేదు. అంత అందంగా కుదిరిన వాక్యంలో మనిషి ఉందని నాకు తట్టలేదు.

సీనియర్ అసిస్టెంట్ ఉత్తర్వు చదివి మెడపట్టీ విప్పి టేబుల్ మీద పడేశాడు. "మేడం, నోట్ పెట్టుండ్రి. గని డిస్పాచ్‌ల వేస్తే సోమవారానికి గూడ పోదు. అయిదింటికి కార్డు గుంజుకుంటే మల్ల ఏజెన్సీల పేరు ఎక్కదు. హ్యాండ్ టు హ్యాండ్ తీస్కపోవాలె."

అటెండర్ అవసరం సెక్షన్‌కు ఎంతైనా ఉందని, ఉత్తర్వు రద్దు చేయాలని నోట్ రాసి ఫైల్లో పెట్టాను. ఫైలు పట్టుకుని బయటికొస్తే అక్క మెట్ల దగ్గర లేచి నిలబడి చెయ్యి చాపింది.

"నేను తెస్త మేడం."

"వద్దక్కా, నేనే..."

"గిదొక్కటన్న మొయ్యనియ్యుండ్రి."

ఇచ్చాను. తన ఉద్యోగం ఉంచమని అడిగే ఫైలుని తనే రెండు చేతులతో గుండెకి ఆనించుకుని నా వెనకాల నడిచింది.

మా విభాగాధిపతి ఆ రోజు మూల్యాంకన కేంద్రంలో ఉన్నారు. అది క్యాంపస్‌కి ఇంకో మూలన. ఎండలో అక్కడికి నడిచాం. ఆయన కాగితాల గుట్టల మధ్య నుంచి తలెత్తి, చదివి, "ఇది నా చేతిలో లేదమ్మా, డిప్యూటీ రిజిస్ట్రార్ గారు చూడాలి" అని పైకి పంపుతున్నట్టు సంతకం పెట్టారు. అక్కడి నుంచి పరిపాలనా భవనానికి. డిప్యూటీ రిజిస్ట్రార్ గది మూడో అంతస్తులో. లిఫ్టుకి మరమ్మతు చేస్తున్నారు.

మెట్లెక్కడం నాకప్పటికి అలవాటైపోయింది. మొదటి అంతస్తు దాటి వెనక్కి చూస్తే అక్క లేదు. వంగి చూశాను. కింద, రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక మెట్టు మీద రెండు పాదాలూ పెట్టాక గానీ ఇంకో మెట్టెక్కడం లేదు. ప్రతి మెట్టుకీ పెదవి బిగపడుతోంది. ఫైలు మాత్రం గుండె మీదే ఉంది.

నేను దిగివెళ్ళాను. "ఎప్పటి నుంచి అక్కా ఇలా?"

"రెండేండ్లయితుండొచ్చు."

"చెప్పలేదేం నాకు?"

"చెప్తే పనికి రాదంటరని." ఊపిరి తీసుకుంది. "అబద్ధమెందుకు మేడం, గీ రెండు నెల్ల సంది మీరు పిలుస్తలేరు గద, మోకాళ్ళు జర నిమ్మళమైనయ్. రాత్రి నిద్ర గూడ వడుతున్నది. గని పనే పాయె."

నాకు నడక మందైతే ఆమెకి విశ్రాంతి మందు. ఆ రెండు మందులూ ఒకే సెక్షన్‌లో ఉన్నాయి. ఫ్యాన్ స్విచ్చి కోసం నేను కొట్టిన బెల్‌కి వరండా చివర నుంచి ఆ మోకాళ్ళే కదా వచ్చింది. మిగతా రెండంతస్తులూ ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కాను. ఆమె వద్దంది. నేను వదల్లేదు.

డిప్యూటీ రిజిస్ట్రార్ చెడ్డమనిషి కాదు. నోట్ మొత్తం చదివారు. డ్రాయర్ తెరిచి నా పేజీ తీశారు. ఆయన దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకుని ఉన్నారు.

"అమ్మా, ఇది మీరు రాసిందే కదా?"

"నేనే సార్. తప్పు రాశాను."

"తప్పంటే? మీరు ఫైళ్ళు మోసుకోవడం లేదా?"

"మోసుకుంటున్నాం సార్."

"మరి ఈమె మోయడానికి ఏముంది? రేపు నన్ను ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు? మళ్ళీ బెల్ పెట్టుకుంటారా?"

ఒక్క క్షణం, పెట్టుకుంటాను సార్ అందామనుకున్నాను. నిజంగానే. మళ్ళీ కుర్చీలో కూర్చుని బెల్ కొడితే ఆమె ఉద్యోగం ఉంటుంది. నా కాళ్ళు వాస్తాయి, ఆమె మోకాళ్ళు అరుగుతాయి, కాగితం మీద మాత్రం అంతా సరిగ్గా ఉంటుంది. తల అడ్డంగా ఊపాను.

"ఈమె చేసే పని ఏదైనా ఉంటే రాసుకురండి. ఉండాలి అని కాదు, ఉన్నది రాయండి" అన్నారు ఆయన. మర్యాదగానే అన్నారు.

బయటికొచ్చి వరండాలో నిలబడ్డాం. మూడున్నర అవుతోంది. ఏం రాయాలా అని నేను ఫైలు తిరగేస్తున్నాను. అప్పుడు ములుగు వైపు నుంచి వచ్చిన ఒక రైతు, కూతుర్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. చీర కట్టుకుని చేతిలో ఫైలుతో అధికారిలా నిలబడ్డ నన్ను దాటి, మెడలో కార్డున్న అక్క దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ప్రొవిజనల్ సర్టిఫికెట్ గీడ్నేనా? పొద్దటి సంది నాలుగు ఆఫీసులు తిరిగినం."

అక్క ఆ అమ్మాయి వైపు తిరిగింది. "గీడ కాదు బిడ్డా. పరీక్షల ఆఫీసు వేరే ఉన్నది. అయిదో నంబరు కిటికీ. మూడో నంబర్ల నిలవడకు, అది మార్కుల మెమోలది. హాల్ టికెట్ ఉన్నదా? మెమోలన్ని జిరాక్స్ తీపిచ్చినవా? ఫస్టియర్‌ది గూడ పెట్టాలె, అది మరిసిపోయి శానమంది వాపస్ పోతరు. కాలేజీ సంతకం ఏది? ఇగో, గీడ పెట్టియ్యలే. మీ కాలేజీ ఏది? అయితే ఊరికి పోవుడు అక్కర లేదు, మీ ప్రిన్సిపాల్ సార్ మూల్యాంకన డ్యూటీల గీడ్నే ఉండొచ్చు, గాడ అడుగుండ్రి. నాలుగున్నరకు కిటికీ బంద్ అయితది, ఉరుకుండ్రి."

తండ్రీ కూతురూ దండం పెట్టి పరుగున దిగిపోయారు. ఆ అయిదో నంబరు కిటికీ మా సెక్షన్‌దే. కాలేజీ సంతకం లేక వెనక్కి పంపే దరఖాస్తులు నా టేబుల్ మీద రోజూ కట్టలు కట్టలుగా ఉండేవి.

"అక్కా, ఇలా రోజూ ఎంతమంది అడుగుతారు నిన్ను?"

"ఎవరు లెక్క వెట్టిండ్రు మేడం? దారిల పోతుంటె అడుగుతరు, చెప్త. మెట్ల మీద కూసున్నంక ఇంకా ఎక్కువైండ్రు."

మా ఆఫీసులో కింద విచారణ కిటికీ ఒకటి ఉండేది. అందులో కూర్చునే జూనియర్ అసిస్టెంట్ బదిలీ అయ్యాక ఎవరినీ వేయలేదు. చాలాకాలంగా దాని షట్టర్ మూసే ఉంది. నేను వరండా పిట్టగోడ మీద ఫైలు పెట్టుకుని, నిలబడే, చేత్తో కొత్త నోట్ రాశాను. అవసరం ఎంతైనా ఉందని రాయలేదు. ఇప్పుడు కళ్ళారా చూసింది రాశాను. దరఖాస్తులు ఏ కారణాలతో వెనక్కి వస్తున్నాయో, ఆమెకి ఏమేం తెలుసో, ఖాళీ కిటికీలో కూర్చోబెడితే ఏ మేలు జరుగుతుందో. చివర్లో ఇంకొక్క వాక్యం రాశాను: ఆమెకు మోకాళ్ళ నొప్పి ఉంది కనుక కూర్చుని చేసే పని ఇవ్వగలరు. రాసేముందు ఆమెని అడిగాను. "రాయాల్నా?" అని కాసేపు ఆలోచించి, "రాయుండ్రి" అంది.

డిప్యూటీ రిజిస్ట్రార్ చదివి కళ్ళజోడు తీశారు. "అటెండర్‌ని విచారణ కిటికీలోనా? ఆమెకి ఇంగ్లీషు వచ్చా?"

అక్క గుమ్మంలో నిలబడే ఉంది. నేను చెప్పబోతుంటే తనే అంది. "ఫారాలు సదువుత సార్. మాట్లాడరాదు. గని పల్లెటూళ్ళ నుంచి వచ్చే పిల్లలకు మాట్లాడేటోళ్ళ కంటె చెప్పేటోళ్ళే కావాలె."

ఆయన ఆమె వైపు మొదటిసారి పూర్తిగా చూశారు. తర్వాత పెన్ను తీశారు. విచారణ సహాయకురాలు అని రాసి, మూడు నెలలు పరిశీలనగా అని చేర్చి, సంతకం పెట్టారు. "మూడు నెలల తర్వాత నేనే వచ్చి చూస్తానమ్మా" అన్నారు నాతో. "ఈసారి మీరు రాసింది మాత్రమే నమ్మను."

నాలుగుంబావు. ఏజెన్సీ సూపర్వైజరు గది తార్నాక వైపు గేటు దగ్గర ఉంటుంది. మెట్లు దిగడానికే అక్కకి చాలాసేపు పట్టింది. కింద సీనియర్ అసిస్టెంట్ బండి మీద సిద్ధంగా ఉన్నాడు.

"అక్కా, కూసో. నేను దింపుత."

"మేడం?"

"మేడం నడుస్తరు. ఆమెకు ఎక్సర్‌సైజ్."

అక్క ఆ రోజులో మొదటిసారి నవ్వింది. ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఒకవైపు కూర్చుంది. బండి వెళ్ళిపోయింది. నేను వెనకాల దాదాపు పరుగుతో గేటు చేరేసరికి నా జడ ఊడిపోయింది, చెప్పు తెగింది. సూపర్వైజరు ఉత్తర్వుని వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు. అక్క కార్డు ఆమె మెడలోనే ఉంది.

కథ ఇంతటితో బాగుపడిపోయిందని చెప్పను. నా మీద అక్కకి మునుపటి నమ్మకం రావడానికి చాలాకాలం పట్టింది. అది న్యాయమే. నేను తనకోసం ఒక రోజంతా నడిచానని నాకు గొప్పగా ఉండేది. తను నాకోసం తొమ్మిదేళ్ళు నడిచింది. మీరు లేవండి, తిరగండి, మీ ఫైలు మీరే తెచ్చుకోండి, అందులో అనుమానం లేదు. నా షుగర్ ఇప్పటికీ గడప దాటి లోపలికి రాలేదు. కానీ మీరు లేచి చేసుకునే ప్రతి పనీ అంతకుముందు ఎవరిదో అయి ఉంటుంది. వాళ్ళెక్కడికి వెళ్ళారో, ఎక్కడ కూర్చున్నారో ఒకసారి లేచి చూడండి. ఎలాగూ లేస్తున్నారు కదా.

ఆ మర్నాడు, శుక్రవారం పొద్దున విచారణ కిటికీ షట్టర్ తెరిపించాం. లోపల బూజులు దులిపి, చేతుల కుర్చీ ఒకటి వేశాం. మధ్యాహ్నం నేను కిందికి దిగి చూస్తే అక్క నిలబడి ఉంది. కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా లేస్తోంది, చెప్పడం అయ్యాక కూర్చుంటోంది, మళ్ళీ లేస్తోంది. మెట్లెక్కినదానికంటే ఎక్కువ కష్టపడుతోంది.

"అక్కా, కూర్చుని చెప్పు."

"కూసుంటే మాట వస్తలేదు మేడం. ఎదురుంగ మనిషి నిలవడితే నేనెట్ల కూసుంట?"

నేను చుట్టూ తిరిగి బయటికి వెళ్ళి విద్యార్థిలా కిటికీ ముందు నిలబడ్డాను. "అమ్మా, నాకు డూప్లికేట్ మెమో కావాలి. ఏం చెయ్యాలి?" అన్నాను.

ఆమె లేవబోయింది. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆమె భుజం మీద ఆనించాను. కూర్చుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, నా ముఖం వంక కాకుండా గోడ వంక చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. పోలీస్ స్టేషన్‌లో కాగితం, నోటరీ, ఫారం, జిరాక్సులు. నేను ఇంకోటి అడిగాను. ఈసారి నా వైపు చూసి చెప్పింది. మూడోది అడిగేసరికి కుర్చీ చేతులు వదిలేసి, వేళ్ళు ముడిచి లెక్కపెడుతూ చెబుతోంది.

నాలుగోది అడగబోతుంటే వెనక నుంచి ఎవరో నా భుజం తట్టారు. తిరిగి చూస్తే ఆరేడుగురు పిల్లలు చేతుల్లో ఫారాలతో వరుసలో నిలబడి ఉన్నారు.

"ఆంటీ, మీదైపోతే జర జరుగుండ్రి" అంది ముందున్న అమ్మాయి.

జరిగాను. ఆ అమ్మాయి కిటికీ ముందుకొచ్చింది. అక్క లేవలేదు. కుర్చీ కొంచెం ముందుకి లాక్కుని, "చెప్పు బిడ్డా, ఏ ఊరు మీది?" అంది.